సారా ఉద్యమంలో నడిచిన అమ్మమ్మ మాటలను ఎలా రికార్డు చేయాలి? నా అనుభవం నుంచి నా జవాబు

1992లో నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోని మీ అమ్మమ్మగారి ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి సారా అంగడి మూయించారనీ, ఆమె ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉన్నారనీ, ఆ సంగతులు ఆమె నోటితోనే చెప్పించి దాచుకోవాలని ఉందనీ మీరు రాశారు. ఎప్పుడడిగినా ఆమె "నాదేముంది, అందరితో పాటు నేనూ పోయాను" అని ఊరుకుంటున్నారని, ఏమడగాలో తెలియడం లేదని, అసలు ఇలాంటి జ్ఞాపకాలు చరిత్రగా నిలుస్తాయా అని కూడా అడిగారు.

నాదీ ఆ జిల్లాయే. ఉపాధ్యాయినిగా పనిచేస్తూ, 2011 నుంచి నాలుగేళ్ళ పాటు వేసవి సెలవుల్లో, సంక్రాంతి సెలవుల్లో మెట్ట ఊళ్ళు తిరిగి, ఆ ఉద్యమంలో పాల్గొన్న ఇరవై ముగ్గురు స్త్రీల మాటలు రికార్డు చేశాను. వారిలో తొమ్మిది మంది ఇప్పుడు లేరు. అందువల్ల మొట్టమొదట చెప్పవలసినది, ఈ పనిని వచ్చే సెలవులకు వాయిదా వేయకండి. ఆనాడు ముప్పై ఏళ్ళ వయసున్న ఆమెకు ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. ఆనాడే నలభై దాటి, పిల్లలను ఇంట్లో వదిలి ముందు వరుసలో నిలబడగలిగిన వాళ్ళు మనకు దొరకడం ఏటేటా తగ్గిపోతున్నది.

ఇక ఏమడగాలన్న సంగతి. నేను మొదటి ఏడాది కలుసుకున్న అందరినీ ఒకే ప్రశ్న అడిగాను: "మీరు ఉద్యమంలోకి ఎందుకు వచ్చారు?" అందరూ ఇంచుమించు ఒకే జవాబు చెప్పారు. రాత్రి బడిలో పాఠం చదివాం, సారా వల్ల కుటుంబాలు నాశనమవుతున్నాయని తెలుసుకున్నాం, ఏకమయ్యాం, పోరాడాం. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాటలు వాళ్ళవి కావు. ఉద్యమం సాగిన రోజుల్లో పత్రికలవాళ్ళు, అధికారులు, హైదరాబాదు నుంచి, ఢిల్లీ నుంచి వచ్చిన పరిశోధకులు అడిగీ అడిగీ, వాళ్ళకు సరిపోయే జవాబును ఆ స్త్రీలే తయారు చేసుకున్నారు. ఊరికి కొత్తవాళ్ళు వచ్చి ఉద్యమం అనే మాట ఎత్తగానే ఆ జవాబు బయటికి వస్తుంది. పైగా ఆ సంగతిని వాళ్ళలో చాలామంది "ఉద్యమం" అని అనుకోనే లేదు. "సారా గొడవ" అన్నారు, "అంగడి మూయించిన ఏడు" అన్నారు.

రెండో ఏడాది ఒక ఊళ్ళో, పొగాకు బ్యారన్ల (ఆకు ఆరబెట్టే కొట్టాల) దగ్గర కూలికి పోయి వచ్చిన ఒకామె, చేతులకు అంటిన జిగట కడుక్కుంటూ ఉంటే, ఏదో మాట కలపాలని, ఆ రోజుల్లో మీ కూలి డబ్బులు ఎక్కడ పెట్టుకునేవారు అని అడిగాను. ఆమె చేతులు కడగడం ఆపింది. "తవుడు కుండలో పెట్టేదాన్నమ్మా. అది కనుక్కున్నాడు. తర్వాత పక్కింటామె దగ్గర దాచా. ఆమె మొగుడు కనుక్కున్నాడు. అప్పుడు మేమిద్దరం కలిసి బియ్యం కొట్టు ఆయనకు ముందుగానే ఇచ్చేసే వాళ్ళం, వారం వారం బియ్యం తెచ్చుకునే లెక్కన." ఆ తర్వాత గంటన్నర సేపు ఆమె ఆపకుండా చెప్పింది. అంగడి దగ్గరికి మొదటి రాత్రి కలిసి వెళ్ళిన ఏడుగురూ ఇలా ఒకరి డబ్బు ఒకరి దగ్గర దాచుకున్న ఆడవాళ్ళేనని అప్పుడు నాకు తెలిసింది. ఎవరు ఎవరిని నమ్మేవారన్నది ఆ దాపరికంలోనే ముందుగా తేలిపోయింది. సంఘం ఏర్పడింది ఆ తర్వాత. ఉద్యమం గురించి ఎన్ని ప్రశ్నలు వేసినా నాకు ఈ సంగతి దొరికేది కాదు.

అప్పటి నుంచి నేను ఇంటి గురించీ వీధి గురించీ అడగడం నేర్చుకున్నాను. ఆ రోజుల్లో పొద్దున ఎన్నింటికి లేచేవారు, సంగటికి జొన్నలా సజ్జలా, బియ్యం వారంలో ఎన్ని రోజులు వండేవారు, కూలి ఎవరి చేతికి ఇచ్చేవారు, సాయంత్రం అయ్యేసరికి ఇంట్లో ఎలా ఉండేది, ఆయన రావడం ఆలస్యమైతే పిల్లలను ఎక్కడ పడుకోబెట్టేవారు, సారా అంగడి మీ ఇంటికి ఎంత దూరం, నీళ్ళకు పోయే దారిలో ఉండేదా. ఇవి చిన్న ప్రశ్నలుగా కనిపించవచ్చు. వీటికి వచ్చే జవాబుల్లో ఉద్యమం దానంతట అదే నడిచి వస్తుంది, మీరు పిలవనక్కరలేదు.

అయితే అడిగేవారికి బయటి సంగతుల క్రమం మాత్రం స్పష్టంగా తెలిసి ఉండాలి, లేకపోతే ఆమె చెప్పేది ఎక్కడ అతుకుతుందో తెలియదు. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో పంపిణీ చేయించింది; అంతవరకు ఊరవతల ఎక్కడో దొరికేది గడప దగ్గరికి వచ్చింది. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షర జ్యోతి పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. రాత్రి బళ్ళు, పాటలతో నాటకాలతో ఊళ్ళు తిరిగే కళాజాతలు, సారా కష్టాలను గురించిన పాఠాలున్న వాచకాలు ఊరూరికీ చేరాయి. దూబగుంటలో ఆడవాళ్ళు అంగడి మూయించిన సంగతి పాఠంగా కూడా వచ్చి, మిగతా ఊళ్ళవాళ్ళకు దారి చూపింది. ఆ ఊరి వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటా నిలిచిపోయింది. 1992 ద్వితీయార్ధంలో జిల్లాలో సారా వేలం పాటలను ఆడవాళ్ళు పదే పదే అడ్డుకున్నారు, పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. ఆనాటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి సొంత జిల్లా కూడా ఇదే. ఆయన తర్వాత వచ్చిన కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రమాణ స్వీకారం నాడే సంపూర్ణ మద్యనిషేధంపై సంతకం చేశారు. అది 1995 జనవరి 16 నుంచి అమలైంది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది.

ఈ తేదీలు మీ నోటు పుస్తకంలో ఉండాలి కానీ మీ నోట రాకూడదు. ఏ సంవత్సరం అని అడిగితే ఆ తరం స్త్రీలు ఇబ్బంది పడతారు, తాము పరీక్షలో తప్పుతున్నామనుకుంటారు. వాళ్ళకు వేరే పంచాంగం ఉంటుంది. రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడా, తర్వాతా? రాజీవ్ గాంధీ చనిపోయినప్పటికి రాత్రి బడి మొదలైందా? అప్పుడు మీ రెండో అమ్మాయి నడుస్తున్నదా, చంకలో ఉన్నదా? వేరుశనగ పీకుతున్నారా, విత్తుతున్నారా? ఇలా అడిగితే రెండు మూడు నెలల తేడాతో కాలం తేలిపోతుంది. ఒక ఊళ్ళో అంగడి మీదికి వెళ్ళిన రోజును నేను ఒక చంటిబిడ్డ బారసాలను బట్టి కనుక్కున్నాను. ఆ బిడ్డకు ఇప్పుడు ముప్పై దాటాయి.

జ్ఞాపకం తప్పినప్పుడు ఏం చేయాలన్నది దీనికి ఆనుకొని ఉన్న ప్రశ్న. నాతో మాట్లాడిన వారిలో ఆరుగురు, తమ ఊరి సారా అంగడిని రామారావే మూయించాడని చెప్పారు. సారా ఆగింది 1993లో, వేరే ప్రభుత్వంలో. మొదట్లో నేను ఒకామెను సవరించాను. ఆమె వెంటనే "అట్టయితే నీకే బాగా తెలుసులేమ్మా" అని నోరు మూసుకుంది, ఆ రికార్డింగు అక్కడితో అయిపోయింది. ఆ రోజు నేను చేసినది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. తర్వాత ఇంకొకామె అదే మాట అన్నప్పుడు సవరించకుండా, ఆయనే అని ఎలా తెలుసు అని అడిగాను. ఆమె చెప్పినది ఇది: ప్రభుత్వం అంగడి మూసినా, సీసాల్లో బ్రాందీ విస్కీ అమ్ముతూనే ఉండేవారు, కొన్నాళ్ళకు వాళ్ళాయన దానికి మరిగాడు, ఖర్చు ఇంకా పెరిగింది, 1994 ఎన్నికల్లో ఆమె జీవితంలో మొదటిసారి మొగుడు చెప్పిన గుర్తుకు కాకుండా తనకు నచ్చిన గుర్తుకు ఓటు వేసింది, ఆ ఓటుకు ఫలితంగా మందు ఆగింది. ఆమె లెక్కలో అసలు మూత అదే. తేదీ తప్పింది, కానీ ఒక స్త్రీ తన ఓటును తనదిగా ఎంచుకున్న ఘడియ ఆ తప్పులోనే భద్రంగా ఉంది. అందుకే రాతప్రతిలో ఆమె మాటను ఉన్నదున్నట్టు ఉంచి, అసలు తేదీని పక్కన వేరుగా నమోదు చేయండి. మాటను మాత్రం దిద్దవద్దు.

ఒంటరిగా మాట్లాడించాలా, గుంపుగానా అంటే, రెండూ కావాలి, అయితే ముందు ఒంటరిగా. నలుగురు కూర్చున్నప్పుడు పాటలు వస్తాయి, కారం పొడి చల్లిన సంగతి, చీపుర్లు పట్టుకొని కాంట్రాక్టరు జీపును ఆపిన సంగతి, ఒకరి మాట ఒకరు అందుకొని చెప్పే ఉత్సాహం వస్తాయి. విడిగా అయితే పాట అందుకోవడానికి చాలామంది సిగ్గుపడతారు. కానీ గుంపులో ఎప్పుడూ ఒకరిద్దరి గొంతే వినిపిస్తుంది, ఆ ఒకరిద్దరు ఎవరన్నది కులాన్ని బట్టి, ఆస్తిని బట్టి ఉంటుంది. ఈ విషయాన్ని మొహమాటం లేకుండా చెప్పాలి. చాలా ఊళ్ళలో ముందుగా అంగడి మీదికి పోయినవారు దళితవాడ స్త్రీలు, వెనుకబడిన కులాల కూలి స్త్రీలు. పత్రికలవాళ్ళు వచ్చేసరికి మాట్లాడడానికి నిలబడినవారు కొన్నిచోట్ల వేరు. నేను ఒక ఊరికి మూడుసార్లు వెళ్ళాను, మొదటి రెండుసార్లూ నన్ను ఊరి నడిమధ్య ఇళ్ళకే తీసుకువెళ్ళారు. మూడోసారి నా అంతట నేను వాడలోకి వెళితే, అక్కడి ఒక పెద్దామె, తాము గొడవ చేసిన తర్వాత నాలుగు నెలల పాటు తమను ఆ ఊరి ఆసాములు పనికి పిలవలేదని, పక్క ఊరికి నడిచి వెళ్ళి కూలి చేశామని చెప్పింది. సారా పోరాటానికి వాళ్ళు కట్టిన వెల అది. ఆ ఊరి కథ అంతకు ముందు నేను రాసుకున్న దాంట్లో ఈ మాటే లేదు. మీ అమ్మమ్మగారిది ఏ వీధి అయినా సరే, మిగతా వీధులకు కూడా వెళ్ళండి.

అనుమతి గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు చేస్తే నష్టపోయేది మనం కాదు. సారా గురించి మాట్లాడడమంటే భర్త కొట్టిన దెబ్బల గురించి మాట్లాడడం. ఆ భర్త ఇప్పుడు మంచంలో ఉండవచ్చు, ఆమే ఆయనకు అన్నం పెడుతూ ఉండవచ్చు. కొడుకులకు, కోడళ్ళకు ఆ సంగతులు తెలియకపోవచ్చు, తెలిసినా బయటికి రావడం ఇష్టం లేకపోవచ్చు. నేను రికార్డు చేసిన ఒకామె మాటల్లో కొంత భాగాన్ని ఒక సంస్థ వాళ్ళు తమ సంచికకు అడిగితే, పేరు వేయరని మాట తీసుకొని ఇచ్చాను. వాళ్ళు పేరు వేయలేదు కానీ ఊరి పేరు వేశారు, వేరే సందర్భంలో తీసిన ఆమె ఫోటో వేశారు. ఆ ఊళ్ళో చదివినవాళ్ళకు అది ఎవరో తెలియడానికి క్షణం పట్టలేదు. ఆమె కొడుకు నాతో ఏమీ అనలేదు. ఆమె మాత్రం, "నీ మీద నమ్మకంతో చెప్పాను గదమ్మా" అంది. ఆ తర్వాత నుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొదలుపెట్టేటప్పుడు అనుమతి అడిగి రికార్డు చేస్తాను. ముగిసిన వారం పది రోజులకు మళ్ళీ వెళ్ళి, మొత్తం ఆమెకే వినిపిస్తాను. ఏది ఉంచాలి, ఏది తన తర్వాతే బయటికి రావాలి, ఏది పూర్తిగా తీసేయాలి అన్నది అప్పుడు ఆమె చేతనే చెప్పించి, ఆ మాటలను కూడా రికార్డు చేస్తాను. తమ గొంతు తాము విన్న తర్వాత చాలామంది తీసేయమన్నది తక్కువ, కొత్తగా చేర్చినది ఎక్కువ. మీరు మనవలు కాబట్టి మీకు ఇంకో చిక్కు ఉంటుంది: మీ తాతగారి గురించి ఆమె చెప్పేది మీరు వినగలగాలి. అది కష్టమనిపిస్తే, ఆ భాగానికి మీ స్నేహితురాలిని ఎవరినైనా కూర్చోబెట్టి, మీరు బయట ఉండండి.

సారా ఆగడంతో కథ ఆపేయకండి. ఈ ఉద్యమం గురించిన రాతల్లో చాలా వరకు 1993 దగ్గరో 1995 దగ్గరో ముగుస్తాయి, కానీ ఆ స్త్రీల జీవితం ముగియలేదు కదా. పొదుపు సంఘాల్లో మొదట చేరినవారు ఎవరు, డ్వాక్రా గ్రూపు లీడరు ఎవరయ్యారు, 73వ రాజ్యాంగ సవరణ తర్వాత పంచాయతీలో ఆడవాళ్ళకు మూడో వంతు స్థానాలు వచ్చినప్పుడు అంగడి మూయించిన వాళ్ళలో ఎవరైనా నిలబడ్డారా, నిలబడితే పెత్తనం ఎవరు చేశారు, 1997లో మళ్ళీ మందు దుకాణాలు తెరిచినప్పుడు మీ ఊళ్ళో ఏం జరిగింది, ఎందుకు మళ్ళీ అడ్డుకోలేకపోయారు? చివరి ప్రశ్నకు నాకు వచ్చిన జవాబులు బరువైనవి. "అప్పుడు అంగడి మా ఊళ్ళో ఉండె, పోయి మూయించాం. తర్వాత అది రోడ్డు మీదికి పోయె, మేం యాడికని పోయేది" అని ఒకామె అన్నది, ఉద్యమం ఎందుకు నిలవలేదన్న దానికి నేను చదివిన విశ్లేషణలన్నిటి కంటే నాకు స్పష్టంగా అనిపించింది.

అలాగే భూమి గురించి అడగండి. ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని 1986లో సవరించింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. దేశమంతటికీ అలాంటి సవరణ రావడానికి 2005 దాకా పట్టింది కాబట్టి, దాన్ని మన రాష్ట్ర ఘనతగా చెప్పుకుంటాం. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. 1992లో సారా అంగడి ముందు కూర్చున్న స్త్రీలలో అత్యధికులు అప్పటికే పెళ్ళయి పిల్లలున్న వాళ్ళు. నేను అడిగిన వారిలో ఇద్దరికి మాత్రమే ఆ చట్టం సంగతి తెలుసు, ఆ ఇద్దరూ తమకు రాలేదని తెలిసి, తమ కూతుళ్ళకు అడిగి ఇప్పించాలని ప్రయత్నించినవారు. ఒకామె అందులో గెలిచింది. రాష్ట్ర స్థాయిలో మారిన ఒక చట్టం ఒక గడపను ఎలా దాటుతుందో, ఎలా దాటలేకపోతుందో తెలిసేది ఇలాంటి మాటల్లోనే.

పనిముట్ల విషయంలో పెద్దగా చెప్పవలసింది లేదు. మంచి ఫోను చాలు. కాల్స్ రాకుండా ఆపేసి, ఆమెకు జానెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద పెట్టండి, ఫ్యాను ఆపించండి, అదే రాత్రి ఇంకో రెండు చోట్ల కాపీ చేయండి. మొదట్లోనే తేదీ, ఊరు, మీ పేరు మీ గొంతుతో చెప్పండి. ఆమె మాట ఆపినప్పుడు మీరు వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. రాసేటప్పుడు మాత్రం శ్రద్ధ కావాలి: "యాడ", "ఏంది", "అట్టయితే" అన్న మాటలను ఎక్కడ, ఏమిటి, అలాగైతే అని పుస్తక భాషలోకి మార్చకండి. నెల్లూరు మెట్ట యాసలో చెప్పిన మాటకు ఉన్న బిగువు ఆ యాసలోనే ఉంది.

ఇవి చరిత్రగా నిలుస్తాయా అని అడిగారు. తెలుగులో ఈ ప్రశ్నకు జవాబు చాలా కాలం కిందటే వచ్చింది. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన వారు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ జీవిత కథలను వాళ్ళ మాటల్లోనే సేకరించి, 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా ప్రచురించారు. అంతకు ముందు ఆ పోరాటం గురించి ఎన్నో పుస్తకాలు ఉన్నాయి. దళాల్లో తిరుగుతూ బిడ్డను కని ఇంకొకరికి అప్పగించవలసి రావడం, పోరాటం విరమించాక మళ్ళీ వంటింటికి వెళ్ళమనడం వంటివి స్త్రీలు నోరు విప్పిన తర్వాతే చరిత్రలోకి వచ్చాయి. సారా పోరాటం గురించి పత్రికల ప్రతులు, ప్రభుత్వ ఉత్తర్వులు, పరిశోధన వ్యాసాలు ఉన్నాయి, వాటిని మీరు తప్పక చూడాలి, ఆమె చెప్పినదాన్ని వాటితో పోల్చాలి. కానీ తవుడు కుండ వాటిలో ఉండదు.

చివరిగా, "అందరితో పాటు నేనూ పోయాను" అన్న మీ అమ్మమ్మగారి మాట. నాకు దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఈ మాట ఎదురైంది, మొదట్లో నేనూ దాన్ని తప్పించుకునే మాట అనుకున్నాను. ఇప్పుడు మొదలుపెట్టేది అక్కడే. ఒక తెల్ల కాగితం తీసుకొని, ఆమె పక్కన కూర్చొని, ఆనాటి వీధిని గీయండి: బావి ఎక్కడ, రామాలయం ఎక్కడ, సారా అంగడి ఎక్కడ, ఆ చివరి నుంచి ఈ చివరికి వరుసగా ఎవరి ఇళ్ళు. ఒక్కో ఇంటి దగ్గర ఆగి, ఆ ఇంట్లో నుంచి ఆ రోజు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, రానివారు ఎందుకు రాలేదు అని అడగండి. ఉదయగిరి వైపు ఒక ఊళ్ళో నాకు ఇదే మాట చెప్పిన ఒకామె, అలా గీసిన కాగితం మీద ముప్పై ఒక్క పేర్లు చెప్పింది. ఇరవై ఎనిమిదో పేరు దగ్గర ఆగి, "ఈమె రానంది, నేనే చెయ్యి పట్టి లాక్కుపొయ్యా" అన్నది.